వెంట్రుక కుదుళ్ల క్యాన్సర్‌ని పట్టుకోవడం ఎలా: గడ్డ చేతికి తగిలిన రోజు నుంచి రిపోర్టు రాసేదాకా

నేను పాథాలజిస్టుని, అంటే తీసిన ముక్కని మైక్రోస్కోపులో చూసి జబ్బేమిటో చెప్పే డాక్టర్ని. కొన్నేళ్ల కిందట నా టేబుల్ మీదికి ఒక పేషెంటు మెడలో తీసిన లింఫ్ గ్రంథి వచ్చింది. ఫారం మీద రాసింది ఒక్క ముక్కే: "మెడలో గడ్డ, టీబీయా?" స్లైడ్ చూస్తే టీబీ కాదు, క్యాన్సర్ కణాలు. అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలియక ఆమెకి గొంతు, థైరాయిడ్, ఊపిరితిత్తులు అన్నీ వెతికించారు, ఎక్కడా ఏమీ దొరకలేదు. చివరికి నేనే వార్డుకెళ్లి పక్కన కూర్చుని అడిగితే అప్పుడు చెప్పింది: "తలమీద ఇరవై ఏళ్లుగా గడ్డుండేది డాక్టరమ్మా, దువ్వెన తగిలి రక్తం కారుతోందని నిరుడు తీయించుకున్నా, కొవ్వు గడ్డేలే అని పారేశారు." మాకు కావాల్సిన జవాబు ఆ పారేసిన ముక్కలో ఉంది. అది ఉండుంటే ఆమె ఏడాది ముందే సరైన చికిత్సలో ఉండేది.

ఆమె మాట నాకు ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది, అందుకే ఇది రాస్తున్నాను. ముఖ్యంగా స్కిన్, సర్జరీ, పాథాలజీ పీజీలకీ, చిన్న ఊళ్లలో మైనర్ ఓటీలో గడ్డలు తీసే డాక్టర్లకీ. ఇంట్లో ఎవరికైనా తలమీద గడ్డ ఉండి టెన్షన్ పడుతున్నవాళ్లు కూడా చదవొచ్చు, స్లైడ్ల దగ్గర కొంచెం కష్టంగా ఉంటే అది వదిలేసి ముందుకెళ్లండి. ముందుగా ఒక మాట, తలమీద వచ్చే గడ్డల్లో చాలావరకు ప్రమాదం లేనివే. ఈ క్యాన్సర్లు నిజంగా అరుదు. అరుదు కాబట్టే ఎవరికీ గుర్తురావు, గుర్తురాదు కాబట్టే ఆలస్యమవుతుంది.

అసలు ఇవి ఏమిటి

వెంట్రుక కుదురులో వేర్వేరు భాగాలున్నాయి, ఏ భాగం పోలికతో గడ్డ పెరిగితే ఆ పేరు పెడతాం. అడుగున వెంట్రుక పుట్టే చోటు మాట్రిక్స్, దాని పోలికతో వచ్చే క్యాన్సర్ పైలోమాట్రిక్స్ కార్సినోమా. వెంట్రుకని చుట్టి ఉండే బయటి తొడుగు పోలికతో వచ్చేవి రెండు: ట్రైకిలెమ్మల్ కార్సినోమా ఒకటి, తలమీద ఏళ్ల తరబడి సిస్టులా ఉండి కొన్నిసార్లు చెడి క్యాన్సర్‌గా మారే ప్రొలిఫరేటింగ్ ట్రైకిలెమ్మల్ ట్యూమర్ ఇంకొకటి. కుదురుని మొలకెత్తించే కణాల పోలికతో వచ్చేది ట్రైకోబ్లాస్టిక్ కార్సినోమా. వీటిలో కొన్నింటి పేర్లు మరీ పాతవి కావు. ట్రైకిలెమ్మల్ కార్సినోమా అనే పేరు హెడింగ్టన్ 1976లో పెట్టాడు, పైలోమాట్రిక్స్ కార్సినోమాని లోపన్‌శ్రీ, మిమ్ 1980లో వివరించారు. పైలోమాట్రిక్సోమా అనే మామూలు గడ్డని 1880లోనే మలెర్బ్, షెనాంతే వర్ణించారు గానీ దాన్ని నూనె గ్రంథి నుంచి వచ్చిందనుకున్నారు, కాదు వెంట్రుక మాట్రిక్స్ నుంచి అని తేల్చి ఇప్పటి పేరు పెట్టింది 1961లో ఫోర్బిస్, హెల్విగ్. అంటే ఒక గడ్డ మూలం అర్థం కావడానికి ఎనభై ఏళ్లు పట్టింది, మీకు మొదటి స్లైడులో అర్థం కాకపోతే దిగులు పడకండి.

అడగడం దగ్గరే సగం పని

"ఎన్నాళ్ల నుంచి ఉంది?" అని అడిగి వదిలేయొద్దు. ఆ ప్రశ్నకి అందరూ "చాన్నాళ్లయింది" అంటారు, దానితో మనకి ఒరిగేది ఏమీ లేదు. "ఈ మధ్య మారిందా?" అని అడగండి. పదిహేనేళ్లు కదలకుండా ఉన్న గడ్డ గత మూడు నెలల్లో రెట్టింపైంది, పైన చర్మం పగిలింది, రసి కారుతోంది, నొప్పి మొదలైంది అంటే ఆ మార్పే మీ మొదటి ఆధారం. తలమీది గడ్డని ఎవరూ అద్దంలో చూసుకోరు, అందుకే నేను ఇంకో ప్రశ్న అడుగుతాను: "చివరిసారి గుండు ఎప్పుడు చేయించుకున్నారు, అప్పుడు ఎంతుంది?" మన దగ్గర తిరుమలలోనో ఊరి దేవుడి దగ్గరో తలనీలాలు ఇచ్చినవాళ్లు ఎక్కువ, ఆ ఏడాది గుర్తుంటుంది, క్షురకుడు "ఇక్కడేదో ఉంది జాగ్రత్త" అన్నదీ గుర్తుంటుంది. "అప్పుడు శనగగింజంత, మొన్న పిల్లాడి పుట్టువెంట్రుకలప్పుడు ఉసిరికాయంత, ఇప్పుడు నిమ్మకాయంత" అని చెప్తే గడ్డ ఎంత వేగంగా పెరిగిందో మీకు లెక్క దొరికినట్టే.

ఇంకా అడగాల్సినవి: ఇదే చోట ఇంతకుముందు ఏమైనా తీశారా, తీస్తే పరీక్షకి పంపారా, మళ్లీ వచ్చిందా. తీసిన చోటే మళ్లీ వచ్చిన గడ్డని కొత్త గడ్డలా చూడకండి, పాత రిపోర్టు, పాత బ్లాక్ (ల్యాబులో మైనంలో దాచిన ముక్క) తెప్పించండి. కిడ్నీ మార్పిడి లాంటివి జరిగి రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడుతున్నారా? శరీరంలో ఇంకెక్కడైనా క్యాన్సర్‌కి చికిత్స తీసుకున్నారా? ఈ చివరి ప్రశ్న ఎందుకో తర్వాత చెప్తాను.

వయసు, చోటు కూడా చాలా చెప్తాయి. ప్రొలిఫరేటింగ్ ట్రైకిలెమ్మల్ ట్యూమర్ ఎక్కువగా వయసు మళ్లిన ఆడవాళ్లకి, చాలావరకు తలమీదే. ట్రైకిలెమ్మల్ కార్సినోమా పెద్ద వయసులో ముఖం, చెవి, తల లాంటి ఎండ తగిలే చోట్ల. మామూలు పైలోమాట్రిక్సోమా పిల్లల్లో, కుర్రవాళ్లలో ముఖం, మెడ, చేతుల మీద వస్తే, దాని క్యాన్సర్ రూపం మధ్యవయసు దాటిన మగవాళ్లలో ఎక్కువ. కాబట్టి పదేళ్ల పిల్లకి బుగ్గ మీద రాయిలాంటి చిన్న గడ్డ ఉంటే ఇంట్లోవాళ్లకి ధైర్యం చెప్పండి, అరవై ఏళ్ల ఆయనకి మెడ వెనక అలాంటిదే వేగంగా పెరుగుతుంటే మాత్రం ఊరుకోకండి.

చేత్తో చూసేటప్పుడు

పైలోమాట్రిక్సోమాలో సున్నం పేరుకుంటుంది, అందుకే రాయిలా తగులుతుంది. దానిమీది చర్మాన్ని రెండు వేళ్లతో సాగదీస్తే గుడారం పైకప్పులా కోణాలు తేలతాయి, ఇది మంచి గుర్తే గానీ ప్రమాదం లేని రకమా క్యాన్సరా అనేది చెప్పదు. గడ్డ కింద పుర్రె మీద జరుగుతోందా అతుక్కుందా చూడండి. అయిదు సెంటీమీటర్లు దాటిందా కొలిచి రాయండి, అంచనాగా రాయకండి. ఆ తర్వాత చాలామంది మర్చిపోయేది, చెవి ముందు, చెవి వెనక, తల వెనక, మెడ రెండువైపులా గ్రంథులు తడిమి చూడడం. తలమీద గడ్డ చూసి మెడ మీద చెయ్యి వేయకుండా పంపించడం అంటే పరీక్ష సగంలో ఆపినట్టే.

ఒక నిజం ఒప్పుకోవాలి. పైకి చూసి ఇది ఫలానా వెంట్రుక కుదురు క్యాన్సర్ అని ఎవరూ చెప్పలేరు, చర్మాన్ని పెద్దది చేసి చూపే డెర్మోస్కోపీతో కూడా ఖాయంగా చెప్పలేం. సిస్టు, లేదా తరచూ కనిపించే చర్మ క్యాన్సర్లయిన బేసల్ సెల్ కార్సినోమా, స్క్వేమస్ సెల్ కార్సినోమా, ఇవే మీ మనసులోకి వస్తాయి, రావాలి కూడా. ఇక్కడ మీ పని పేరు పెట్టడం కాదు, "దీన్ని ముక్క పరీక్షకి పంపాలి" అని నిర్ణయించడం.

ముక్క తీయడం, పంపడం

ఇక్కడే ఎక్కువ తప్పులు జరుగుతాయి, అందుకే కాస్త ఎక్కువ రాస్తాను.

సూదితో తీసే ఎఫ్ఎన్ఏసీ ఈ గడ్డలకి నమ్మకమైన దారి కాదు. పైలోమాట్రిక్సోమాలో సూదికి చిన్న నీలం కణాలే ఎక్కువొస్తే అవి క్యాన్సర్ కణాల్లా కనిపిస్తాయి, చెవి ముందు గడ్డ అయితే లాలాజల గ్రంథి క్యాన్సర్ అనుకుని పెద్ద ఆపరేషన్ దాకా వెళ్లే ప్రమాదం ఉంది. అటువైపు చూస్తే, సిస్టులో సూది పెడితే ఉత్త కెరాటిన్ (చర్మం, వెంట్రుకల్లో ఉండే గట్టి పదార్థం) వచ్చి, పక్కనే ఉన్న క్యాన్సర్ భాగం తప్పిపోవచ్చు. మెడ గ్రంథికైతే ఎఫ్ఎన్ఏసీ బాగా పనికొస్తుంది, అక్కడ వాడండి.

పైపైన గీకి తీసే షేవ్ బయాప్సీ కూడా వద్దు. ఈ జబ్బు నిర్ణయం గడ్డ కింది అంచులో ఉంటుంది, పక్క కణజాలంలోకి చొచ్చుకుపోతోందా, గుండ్రంగా నెడుతూ ఆగిందా అన్నది పైపొరలో కనబడదు. చిన్న గడ్డయితే చుట్టూ కొంచెం మామూలు చర్మంతో, కింద కొవ్వుతో సహా మొత్తం తీయండి. పెద్దదైతే అంచు దగ్గర లోతుగా, గడ్డా మామూలు చర్మమూ రెండూ వచ్చేలా ఇన్సిషనల్ బయాప్సీ, అంటే కొంత ముక్క మాత్రమే కోసి తీయడం, చేయండి. పుండు పడిన నడిబొడ్డున తీస్తే చచ్చిన కణాలు తప్ప నాకు ఏమీ దొరకవు. గుండ్రటి కత్తితో పంచ్ బయాప్సీ చేస్తే కొవ్వు కనబడేంత లోతుకి వెళ్లండి.

తీసిన ముక్కని సెలైన్‌లోనో స్పిరిట్‌లోనో వేయకండి, ఇప్పటికీ అలా వస్తున్నాయి, చూసినప్పుడల్లా బాధేస్తుంది. 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్, ముక్క కంటే కనీసం పది రెట్లు, వెడల్పు మూతి డబ్బాలో. ఇరుకు సీసాలో కుక్కితే లోపలికి పోయేటప్పుడు మెత్తగా ఉన్నది గట్టిపడి బయటికి రాదు. పెద్ద గడ్డయితే ఫార్మలిన్ లోపలిదాకా అందదు, కాబట్టి ఆలస్యం చేయకుండా ల్యాబుకి పంపండి. ఒక అంచుకి దారం కుట్టి అది ఏ వైపో ఫారంలో రాయండి.

ఫారం అంటే గుర్తొచ్చింది. దయచేసి నాలుగు వాక్యాలు రాయండి: వయసు, ఎక్కడ, ఎన్నాళ్లు, ఈ మధ్య ఎలా మారింది, ముందు తీశారా, మెడలో గ్రంథులున్నాయా, ఇంకే క్యాన్సర్ అయినా ఉందా. ఫోటో కూడా పంపితే ఇంకా మంచిది. పాథాలజిస్టు మీ కళ్లతోనే రోగిని చూస్తారు.

తీసిన ఏ గడ్డనైనా పంపించండి. సిస్టు చేతిలో పగిలి మైనంలాంటి పదార్థం వచ్చినా సరే, గోడంతా పంపించండి.

ల్యాబులో కత్తి పెట్టేటప్పుడు

పీజీలూ, గ్రాసింగ్ టేబుల్ (ముక్కని చూసి కోసే బల్ల) దగ్గర తొందరపడకండి. అంచులకి ఇంకు పూయండి, కొలవండి, తర్వాతే కోయండి. కత్తికి ఇసుక తగిలినట్టు కరకరలాడితే సున్నం ఉందన్నమాట. డీకాల్సిఫికేషన్ (సున్నం కరిగించడం) తప్పదు అనుకుంటే ముందు మెత్తటి భాగాల్ని విడిగా వేరే బ్లాకులో పెట్టండి, ఘాటు యాసిడ్‌లో ఉంచిన ముక్క మీద తర్వాత ఇమ్యూనోహిస్టోకెమిస్ట్రీ (కణాల్లోని ప్రొటీన్లని పట్టించే ప్రత్యేక స్టెయిన్లు) సరిగా పట్టదు, చేయాల్సి వస్తే సున్నాన్ని మెల్లగా తీసే ఈడీటీఏ ద్రావణం మేలు. సిస్టు గోడలో ఎక్కడ మందంగా ఉందో, ఎక్కడ గట్టి కాయలా ఉబ్బిందో అక్కడి నుంచి ముక్కలు తీసుకోండి. ఏళ్ల నాటి మామూలు గడ్డలో ఒక మూలే క్యాన్సర్‌గా మారి ఉండొచ్చు, ఒక్క బ్లాక్ చూసి మామూలు సిస్టని రాస్తే ఆ మూల డబ్బాలోనే మిగిలిపోతుంది. అనుమానం ఉంటే చిన్న గడ్డని మొత్తం బ్లాకుల్లో పెట్టేయండి.

స్లైడ్ ముందు

మొదట అతి తక్కువ పవర్‌లో పెట్టి రెండు నిమిషాలు ఊరికే చూడండి. అమరిక సమంగా ఉందా, రెండువైపులా ఒకేలా ఉందా, అంచు నున్నగా నెడుతోందా లేక వేళ్లలా చొచ్చుకుపోతోందా. వెంట్రుక కుదురు గడ్డల్లో మంచి చెడు తేలేది చాలావరకు ఇక్కడే. కణం దగ్గరికి ముందే వెళ్లిపోతే మోసపోతారు, ఎందుకంటే ప్రమాదం లేని పైలోమాట్రిక్సోమాలో కూడా కణ విభజనలు బోలెడు కనిపిస్తాయి, ప్రొలిఫరేటింగ్ ట్యూమర్‌లో అక్కడక్కడ వికారమైన న్యూక్లియస్‌లు కనిపిస్తాయి. ఒక్క లక్షణం చూసి క్యాన్సర్ అని రాయకండి.

పైలోమాట్రిక్స్ గడ్డని గుర్తుపట్టడం తేలికే. ఒకవైపు చిన్న నీలం కణాలు, ఇంకోవైపు గులాబీ రంగు షాడో సెల్స్, అంటే కణం ఆకారం అలాగే ఉండి న్యూక్లియస్ ఉండాల్సిన చోట ఖాళీగా నీడలా మిగిలినవి. కార్సినోమా అనడానికి నీలం కణాలు పలకలు పలకలుగా పెరిగి కొవ్వులోకో కండరంలోకో చొచ్చుకుపోవాలి, కణాలు గుంపులు గుంపులుగా చచ్చిన చోట్లు, అసహజ విభజనలు ఉండాలి, రక్తనాళంలోనో నరం చుట్టూనో కనిపిస్తే ఇక సందేహం లేదు. బీటా కటెనిన్ స్టెయిన్ గురించి ఒక హెచ్చరిక: అది న్యూక్లియస్‌లో పట్టడం మాట్రిక్స్ గడ్డ అని చెప్తుంది, బేసల్ సెల్ నుంచి విడదీయడానికి పనికొస్తుంది, కానీ మామూలు రకంలోనూ క్యాన్సర్‌లోనూ రెండింట్లోనూ పడుతుంది. కాబట్టి దాన్ని చూపించి క్యాన్సర్ అనకూడదు, కాదనీ అనకూడదు.

బయటి తొడుగు గడ్డల్లో వెతకాల్సింది కెరాటిన్ తయారయ్యే తీరు. మామూలు చర్మంలో కెరాటిన్ ముందు గింజలు గింజలుగా ఒక గ్రాన్యులర్ పొర ఉంటుంది, ఇక్కడ అది లేకుండా ఉబ్బిన లేతరంగు కణాలు హఠాత్తుగా చిక్కటి గులాబీ కెరాటిన్‌గా మారిపోతాయి. ప్రొలిఫరేటింగ్ ట్యూమర్ చుట్టూ అంచు నున్నగా ఉండి లోపల ముడతలు ముడతలుగా పెరిగితే మంచి రకం. 1966లో విల్సన్ జోన్స్ దీన్ని మొదట వర్ణించినప్పటి నుంచీ దీన్ని స్క్వేమస్ సెల్ కార్సినోమాతో పొరబడడం గురించే అందరూ చెప్తున్నారు. చెడ్డదనడానికి: అంచు తెగి చొచ్చుకుపోవడం, స్పష్టంగా వికారమైన కణాలు, అసహజ విభజనలు, వాటికి తోడు వేగంగా పెరగడం, అయిదు సెంటీమీటర్లు దాటడం, తలమీద కాకుండా వేరే చోట రావడం. మధ్యస్థంగా ఉండి తేల్చుకోలేనివి కూడా ఉంటాయి, వాటిని అలాగే రాయండి, పూర్తిగా తీసి రోగిని వదలకుండా చూసుకోమని సర్జన్‌కి చెప్పండి.

ట్రైకిలెమ్మల్ కార్సినోమా మాత్రం నిజంగా కష్టం. గ్లైకోజన్ నిండిన తెల్లటి కణాలు, తమ్మెలు తమ్మెలుగా పెరుగుతూ, అంచున కంచె కట్టినట్టు వరుసగా నిలబడి, చుట్టూ మందమైన బేస్‌మెంట్ పొర. పీఏఎస్ స్టెయిన్‌తో పట్టి, డయాస్టేజ్ ఎంజైమ్ ఇస్తే పోవడం గ్లైకోజన్‌కి రుజువు. అసలు ఇలాంటి జబ్బు వేరుగా ఉందా, లేక క్లియర్ సెల్ స్క్వేమస్ కార్సినోమానే ఇలా పిలుస్తున్నామా అని పెద్ద పాథాలజిస్టుల్లోనే వాదన ఉంది. సీడీ 34 స్టెయిన్ పట్టడం బయటి తొడుగు పోలికని సూచిస్తుంది గానీ క్యాన్సర్‌లో అది పోవచ్చు, పట్టకపోతే కాదని కొట్టేయలేం. నా పద్ధతి ఏమిటంటే మిగతావన్నీ కాదని తేల్చాకే ఈ పేరు రాస్తాను.

ట్రైకోబ్లాస్టిక్ కార్సినోమాని బేసల్ సెల్ నుంచి విడదీయాలి. బేసల్ సెల్‌లో గడ్డకీ చుట్టూ ఉన్న కణజాలానికీ మధ్య చీలిక కనిపిస్తుంది. మామూలు ట్రైకోబ్లాస్టోమాలో సీకే 20 స్టెయిన్‌తో మెర్కెల్ కణాలు (చర్మంలో స్పర్శకి సంబంధించిన కణాలు) చుక్కలు చుక్కలుగా కనిపిస్తాయి. క్యాన్సర్ పక్కనే మిగిలిన మామూలు ట్రైకోబ్లాస్టోమా భాగం దొరికితే అదే పెద్ద సాక్ష్యం, అది దొరికేది కూడా బ్లాకులు ఎక్కువ పెట్టినప్పుడే.

ఇది చర్మంలో పుట్టిందా, ఎక్కడి నుంచో వచ్చిందా

ఇంకే క్యాన్సర్ అయినా ఉందా అని అడగమన్నది దీని కోసమే. లోపలి క్యాన్సర్లు తలమీద చర్మంలోకి రావడం ఉంది, తెల్లటి కణాల గడ్డ చూడగానే కిడ్నీ క్యాన్సర్ గుర్తురావాలి. పీఏఎక్స్ 8 స్టెయిన్ చేయించండి, అది పట్టితే కడుపు స్కాన్ తప్పనిసరి. కనురెప్ప దగ్గరైతే సెబేషియస్ కార్సినోమా (నూనె గ్రంథి క్యాన్సర్) కోసం అడిపోఫిలిన్ స్టెయిన్ చేయించండి. చర్మంలోనే పుట్టిందనడానికి పీ 63, సీకే 5/6, డీ2-40 స్టెయిన్లు పట్టడం మొగ్గు చూపిస్తుంది, అది కూడా వేరే చోటి గ్రంథి క్యాన్సర్ నుంచి విడదీసేటప్పుడే. ఊపిరితిత్తుల స్క్వేమస్ క్యాన్సర్‌లో కూడా పీ 63 పడుతుంది, కాబట్టి ఛాతీ సీటీ చూడకుండా తీర్పు చెప్పొద్దు. స్టెయిన్లకి రోగి డబ్బు కడతాడు, ఒకేసారి పదిహేను రాయకుండా, ప్రశ్న ఏమిటో ముందు తేల్చుకుని నాలుగైదుతో మొదలుపెట్టండి.

ఒంటిమీద ఇలాంటి గడ్డలు ఎక్కువగా ఉంటే కుటుంబ చరిత్ర అడగండి. ఎక్కువ పైలోమాట్రిక్సోమాలుంటే మయోటానిక్ డిస్ట్రఫీ, గార్డ్‌నర్ సిండ్రోమ్ లాంటి వంశపారంపర్య జబ్బుల గురించి ఆలోచించాలి. ముఖమంతా ట్రైకిలెమ్మోమాలు (బయటి తొడుగు పోలికతో వచ్చే మామూలు గడ్డలు) ఉంటే కౌడెన్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య జబ్బు, అంటే రొమ్ము, థైరాయిడ్ కూడా చూడాలి.

రిపోర్టులో ఏం ఉండాలి

పేరు ఒక్కటే రాస్తే సర్జన్ చేతులు కట్టేసినట్టే. గడ్డ కొలత, ఎంత లోతుకి వెళ్లింది, నరంలో, రక్తనాళంలో, లింఫ్ నాళంలో ఉందా, ప్రతి అంచుకీ ఎన్ని మిల్లీమీటర్ల దూరం, పక్కన ముందునుంచీ ఉన్న మామూలు గడ్డ కనిపించిందా, ఇవన్నీ రాయండి. పైలోమాట్రిక్స్ కార్సినోమా మామూలుగా తీసేస్తే అదే చోట మళ్లీ రావడం ఎక్కువ, గ్రంథులకీ ఊపిరితిత్తులకీ ఎముకలకీ కూడా పాకుతుంది, అందుకే అంచులు శుభ్రంగా రావడం, లేదా మోస్ పద్ధతిలో (పొరపొరగా తీస్తూ ప్రతి అంచునీ అక్కడికక్కడే మైక్రోస్కోపులో చూస్తూ) తీయడం ముఖ్యం. జబ్బు ఖాయమయ్యాక మెడకి అల్ట్రాసౌండ్, ఛాతీ సీటీ, పుర్రెకి అతుక్కున్న గడ్డకి ఎంఆర్ఐ, సీటీ చేయించాలి.

అనుమానం మిగిలితే బ్లాకులు ఇంకొకరికి పంపడానికి వెనకాడకండి. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే, విశాఖలో హోమీ భాభా లాంటి క్యాన్సర్ ఆసుపత్రుల్లో ఇలాంటివి చూసే అనుభవం ఉన్నవాళ్లుంటారు. అరుదైన జబ్బుని ఒక్కరే భుజాన వేసుకోనక్కర్లేదు.

ఇంట్లోవాళ్లకి: ఆపరేషన్‌కి ముందే "తీసిన ముక్కని బయాప్సీకి పంపిస్తారా?" అని అడగండి, అడగడం మీ హక్కు. రిపోర్టు, స్లైడ్లు, మైనం బ్లాకులు, మూడూ కావాలంటే ల్యాబు ఇస్తుంది, పెద్దాసుపత్రికి వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితం ఒక్కటే కాకుండా బ్లాకులు కూడా తీసుకెళ్లండి. ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టకండి, మైనం కరిగిపోతుంది. ఇక తిరుగు చెకప్‌కి వెళ్లినప్పుడు డాక్టర్ తలమీద మచ్చ చూసి సరే అంటే లేచిపోకండి, మెడ కూడా తడిమి చూడమని అడగండి.